వాన తగ్గిందా, వాన నిలవడం లేదా? సహేల్ రైతు చూసింది, సహేల్ రైతు చేసింది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వ్యవసాయ విస్తరణలో, అంటే రైతులకు సాగు సలహాలు చేరవేసే శాస్త్రంలో పీజీ చేస్తున్నారు. ఆఫ్రికా రైతుల మీద వచ్చిన సర్వేలు చదివితే చాలామంది "ఎండలు ముదిరాయి, వానలు తగ్గాయి" అన్నారు. కానీ వాళ్లలో చాలామంది సేద్యం తీరు మార్చుకోలేదని కూడా అవే సర్వేలు చెప్తున్నాయి. తెలిసి కూడా ఎందుకు మారరు, అవగాహన సరిపోకనా?

అవగాహన లోటు కాదు. అదే ఈ జవాబంతా. అయితే దాన్ని ఒప్పించాలంటే కొంచెం పొడుగ్గానే రాయాలి.

ముందు నా సంగతి. నేను నైజర్‌లో, బుర్కినా ఫాసోలో, తర్వాత కెన్యాలో ఏళ్ల తరబడి రైతుల పొలాల్లో పనిచేశాను. ఆఫ్రికా అంటే 54 దేశాలు. ఇథియోపియా కొండల్లో టెఫ్ అనే చిరుధాన్యం వేసే రైతుకీ, ఘనాలో కోకో తోట ఉన్న రైతుకీ పోలిక లేదు. అందుకని సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సహేల్ గురించే ఎక్కువ చెప్తాను. అక్కడ ఏడాదిలో మూడు నాలుగు నెలలే వాన. వేసేది సజ్జ, జొన్న, మధ్యలో అలసంద. ఈ మూడు పంటలూ ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ల క్రితం మన దగ్గరికి వచ్చినవే. మన రాగి కూడా అక్కడిదే. సజ్జను మొదట మచ్చిక చేసుకుని పంటగా మలిచింది సహేల్ ప్రాంతపు జనం. వాళ్లకు వాన గురించి తెలుసా అని అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీరు చదివిన సర్వేల్లో 2007లో ప్రపంచ బ్యాంకు కోసం డేవిడ్ మాడిసన్ చేసిన అధ్యయనం కూడా ఉండే ఉంటుంది. 11 దేశాల రైతులను అడిగారు. పక్కపక్క ఊళ్ల రైతులు ఒకే మాట చెప్పారు, అంటే ఎవరికి తోచింది వాళ్లు చెప్పలేదన్నమాట. మార్పును ఎక్కువగా గమనించింది ఏళ్ల అనుభవం ఉన్న రైతులు. సేద్యంలో ఏదో ఒకటి మార్చుకున్నది మాత్రం ఎక్కువగా చదువుకున్నవాళ్లు, సంత దగ్గరున్నవాళ్లు, వ్యవసాయ సలహా అందినవాళ్లు. చూడటం ఒక మెట్టు, చేయడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి రెండో మెట్టు ఎక్కే బలం కూడా ఉంటుందని మనం అనుకోవడంలోనే తప్పుంది.

ఇక "వాన తగ్గింది" అన్న మాట. ఇక్రిశాట్ వాళ్లు (మన పటాన్‌చెరులో ప్రధాన కేంద్రం ఉన్న మెట్ట పంటల పరిశోధన సంస్థే, నైరోబీలోనూ నైజర్‌లోని సదోరేలోనూ వాళ్లకు కేంద్రాలున్నాయి) తూర్పు కెన్యా మెట్ట ప్రాంతంలో రైతులను అడిగారు. వానలు తగ్గిపోయాయని ఎక్కువమంది చెప్పారు. వానమాపకం లెక్కలు తీసి చూస్తే అలాంటి తగ్గుదల కనిపించలేదు. ఇది చదివి కొందరు పరిశోధకులు "రైతు జ్ఞాపకం నమ్మదగింది కాదు" అని తేల్చేశారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఆ ఊళ్లలో రెండు మూడు పంటకాలాలు గడిపాక గానీ నాకు అసలు విషయం తట్టలేదు. వానమాపకం కొలిచేది ఆకాశం నుంచి పడ్డ నీళ్లను. రైతు కొలిచేది పైరుకు దక్కిన నీళ్లను. పైమట్టి కొట్టుకుపోయి, నేల అట్టకట్టి, జొన్న వేసే చోట మొక్కజొన్న వచ్చాక అదే వాన పైరుకు చాలదు. మొత్తం వాన పాతదే అయినా, మొలక వచ్చాక ఇరవై రోజులు బెట్ట పడితే ఆ ఏడు ఆ రైతుకు కరువే. కుటుంబం పెరిగి అదే పొలం మీద ఎక్కువ నోళ్లు ఆధారపడితే, ఒక్క చెడ్డ ఏడు మూడు చెడ్డ ఏళ్లంతగా మనసులో నిలిచిపోతుంది. రైతు అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన దానికి కాకుండా తాను బతికిన దానికి జవాబు చెప్పాడు.

భాష కూడా ఇక్కడ ఒక చిక్కు. నైజర్‌లో ఎక్కువమంది మాట్లాడే హౌసాలో నీళ్లకూ వానకూ ఒకటే మాట, "రువా". వానాకాలం "దామినా". సర్వే కాగితంలో ఫ్రెంచిలో ఉన్న "వాతావరణ మార్పు" అన్న మాటను మాతో సర్వే చేసే కుర్రాళ్లు హౌసాలోకి మార్చి అడిగేసరికి అది "దామినా పాడైందా" అన్నట్టు తయారైంది. అలా అడిగితే ఎవరైనా పాడైందనే అంటారు. మన దగ్గర ఒక రైతును "కార్తెలు తప్పుతున్నాయా" అని అడిగి చూడండి, లేదనేవాళ్లు ఎంతమంది ఉంటారు?

సహేల్‌లో మాత్రం లెక్కలు కూడా భయంకరంగానే ఉన్నాయి. 1968 నుంచి 1973 వరకు ఒక కరువు, మళ్లీ 1983-84లో ఇంకొకటి. పశువులు గుంపులు గుంపులుగా చచ్చాయి, ఊళ్లకు ఊళ్లు దక్షిణానికి వలసపోయాయి. 1990ల నుంచి మొత్తం వాన కొంత కోలుకుంది. కానీ అప్పుడు కూడా రైతులు బాగుపడిందని పూర్తిగా అనలేదు. "వస్తోంది గానీ నిలవడం లేదు, ఒక్కసారిగా కుమ్మరించి పోతోంది" అని నైజర్‌లోని మారడి దగ్గర ఒక ముసలాయన నాతో అన్నాడు. అప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2017లో ఉపగ్రహ సమాచారంతో ఒక అధ్యయనం వచ్చింది. సహేల్‌లో తీవ్రమైన గాలివానలు 1982 తర్వాత మూడింతలయ్యాయని అందులో తేలింది. మొత్తాన్ని మాత్రమే చూసే మా పట్టికల్లో కనపడనిది, తన పొలంలోంచి మట్టి కొట్టుకుపోవడం చూసిన మనిషికి ముందే కనపడింది.

గాలి సంగతి కూడా చెప్పాలి, మన సర్వేల్లో అది అసలు ఉండదు. సెనెగల్‌లో చేసిన ఒక అధ్యయనంలో రైతులు తమకు ఎక్కువ నష్టం చేసేవాటిలో గాలిని, ఒక్కోసారి అతివృష్టిని ముందు చెప్పారు. ఎందుకో ఇసుక నేలల్లో నిలబడితే తెలుస్తుంది. తొలకరి రోజుల్లో వానకు ముందు వచ్చే గాలికి ఇసుక లేచి, వేలెడు మొలకను కప్పేస్తుంది, లేదా ఆకును కోసేస్తుంది. రైతు మళ్లీ విత్తుతాడు. మళ్లీ గాలి. ఒకే వానాకాలంలో మూడుసార్లు, నాలుగుసార్లు విత్తిన పొలాలు నేను చూశాను. ఒక్కోసారి విత్తడమంటే తిండిగింజల కుండలోంచి అంత తీసి నేలలో పోయడమే.

అదే అధ్యయనంలో మీకు పనికొచ్చే ఇంకో మాట ఉంది. వాతావరణం గురించి అని చెప్పి అడిగినప్పుడు రైతులు తమ జీవితంలోని మార్పులకు వాతావరణమే కారణమన్నారు. ఆ మాట ఎత్తకుండా "ఈ ఇరవై ఏళ్లలో మీ ఇంట్లో ఏం మారింది, ఎందుకు మారింది" అని అడిగితే ధరలు, అప్పులు, ప్రభుత్వ విధానాల వంటివి ముందుకొచ్చాయి. మీ సర్వే పత్రం తయారు చేసేముందు దీని గురించి ఒక రోజంతా ఆలోచించండి.

సరే, వాళ్లు ఏం చేశారు? ఇక్కడే నాకు చెప్పాలని ఎక్కువ ఉంది.

బుర్కినా ఫాసో ఉత్తరాన యతెంగా అనే ప్రాంతం. 1980ల నాటికి అక్కడ చాలా నేల సిమెంటు చేసినట్టు గట్టిపడి, గడ్డి కూడా మొలవని బయలైంది. అక్కడి రైతులకు పాతకాలం నుంచి "జాయి" అనే పద్ధతి ఉంది. అక్కడి మోసీ జనం భాషలో ఆ మాట వెనక పెందలాడే లేచి పొలానికి పరుగెత్తడం అనే అర్థం ఉంది. ఎండాకాలంలోనే అట్టకట్టిన నేలలో పాదుల్లాంటి గుంతలు తవ్వుతారు. వెడల్పు ఇరవై నుంచి ముప్పై సెంటీమీటర్లు, లోతు పది నుంచి ఇరవై. ఒక్కో గుంతలో గుప్పెడు పశువుల పెంట వేస్తారు. ఆ పెంట కోసం చెదలు వస్తాయి. చెదలు వేసిన సన్నని సొరంగాల గుండా వాననీరు నేలలోకి దిగుతుంది. మన రైతు చెదలను చూస్తే మందు వెతుక్కుంటాడు, అక్కడ చెదలను కూలికి పిలిచినట్టు పిలుస్తారు. మొదటి వానకు గుంతలో నీరు నిలిచి పదునెక్కగానే సజ్జో జొన్నో విత్తుతారు. తర్వాత ఇరవై రోజులు బెట్ట పడ్డా గుంతలోని మొక్క తట్టుకుంటుంది.

యాకుబా సవదోగో అనే రైతు ఈ పాత పద్ధతినే పట్టుకున్నాడు. గుంత పెద్దది చేశాడు, పెంట కలిపాడు. పెంటలో ఉన్న గింజల నుంచి మొలిచిన చెట్లను పీకకుండా పెంచాడు. ఎండాకాలంలో పొలం తవ్వుతున్నాడని ఊరివాళ్లు పిచ్చివాడన్నారు, అతని చెట్లకు నిప్పు కూడా పెట్టారు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. 1984 నుంచి తన ఊళ్లోనే సంత లాంటిది పెట్టి, చుట్టుపక్కల రైతులను పిలిచి విత్తనాలూ పద్ధతులూ ఇచ్చిపుచ్చుకునేలా చేశాడు. బయలుగా ఉన్న చోట అడవి పెంచాడు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది, 2023లో చనిపోయాడు. ఆ మనిషి బడిలో మన లెక్కన చదువుకున్నవాడు కాదు. పై సర్వేలో "చదువుకున్నవాళ్లే మారారు" అన్న ముక్కను మీ థీసిస్‌లో రాసేటప్పుడు యాకుబాను కూడా పక్కన పెట్టుకోండి.

1989లో నైజర్‌లోని ఇల్లేలా నుంచి 13 మంది రైతులు యతెంగా వెళ్లి ఇది కళ్లారా చూసి వచ్చారు. ఇంటికొచ్చి తమ బయళ్లలో తవ్వారు. హౌసాలో దాన్ని "తస్సా" అంటారు. మరుసటి ఏడు కరువొస్తే గుంతలు తీసిన పొలాల్లోనే నాలుగు గింజలు కనిపించాయి. దాంతో చుట్టుపక్కల బీడు నేలకు కూడా బేరం మొదలైంది.

దీంతోపాటు రాతి వరసలు. నీటివాలుకు అడ్డంగా, సమతలంలో రాళ్లు పేరుస్తారు. సమతలం కనుక్కోవడానికి నీళ్లు నింపిన పారదర్శకమైన పైపు వాడటం 1980ల మొదట్లో అక్కడి ఒక ప్రాజెక్టు నేర్పింది. మన తాపీమేస్త్రీ గోడ లెవెల్ చూసే పైపు లాంటిదే. అక్షరం రాని రైతు కూడా ఒకటి రెండు రోజుల్లో పట్టేశాడు.

ఇప్పుడు మీ "ఎందుకు మారరు" దగ్గరికి వద్దాం. ఒక హెక్టారు జాయి తవ్వడానికి దాదాపు 300 గంటల పని. బరక నేలలో, మండే ఎండలో, పారతో. ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే ఒక ఎండాకాలంలో తవ్వగలరు. ఆ కొడుకులు ఐవరీ కోస్ట్ కోకో తోటల్లో కూలికి పోయి ఉంటే? పేడ కావాలి. పశువులున్నవాడికి పేడ ఉంది. లేనివాడు ఫులానీ పశుకాపరులతో మాట్లాడుకుని పొలంలో మంద కట్టించుకోవాలి. అందుకు ధాన్యమో డబ్బో కావాలి, పైగా ఇప్పుడు చాలాచోట్ల రైతులకూ కాపరులకూ పడటం లేదు. ఇక పొలం ఎవరిది? అరువుకు తీసుకున్న నేల బాగుపడితే యజమాని వెనక్కి అడుగుతాడు. ఆడవాళ్లకు ఇచ్చేది చాలాచోట్ల కుటుంబ పొలంలో చిన్న ముక్క, ఏటేటా మారే ముక్క. వచ్చే ఏడు తనది కాని ముక్కలో ఆమె మూడు వందల గంటలు ఎందుకు తవ్వాలి? ఆమెకు అవగాహన తరగతి పెడితే ఏం లాభం?

హక్కు మారితే ఏం జరుగుతుందో నైజర్ చెట్ల కథలో ఉంది. ఫ్రెంచి వలస కాలం నుంచి వచ్చిన అటవీ చట్టం ప్రకారం చెట్టు ప్రభుత్వానిది. పొలంలో మొలిచిన చెట్టును నరికితే ఫారెస్టువాళ్లు జరిమానా వేసేవాళ్లు. కాబట్టి రైతు మొలకగా ఉన్నప్పుడే పీకేసేవాడు. పెరిగితే తలనొప్పి. 1983లో మారడి ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్, మొక్కలు నాటీ నాటీ అవి చచ్చిపోతుంటే విసిగిపోయి, నేలలో నరికిన మొదళ్ల నుంచి పిలకలు వస్తున్నాయని గమనించాడు. నాటక్కర్లేదు. ఉన్న పిలకల్లో నాలుగైదు బలమైనవి ఉంచి మిగతావి కోస్తే చాలు, రెండు మూడేళ్లలో చెట్టవుతుంది. ఖర్చు ఒక కత్తి. కానీ రైతులు దాన్ని పట్టుకుంది ఫారెస్టువాళ్లు చూసీ చూడనట్టు ఊరుకోవడం మొదలుపెట్టాకే, చెట్టు తమదే అన్న నమ్మకం కుదిరాకే. 2004లో చట్టం కూడా కొంత అనుకూలంగా మారింది. ఇరవై ఏళ్లలో మారడి, జిందేర్ ప్రాంతాల్లో దాదాపు 50 లక్షల హెక్టార్లలో 20 కోట్ల చెట్లు లేచాయని ఉపగ్రహ చిత్రాలు చూసిన పరిశోధకులు అంచనా వేశారు. ప్రభుత్వం నాటిన అడవి కాదు, సజ్జ పొలాల్లో రైతులు పెంచిన చెట్లు.

వాటిలో "గావో" అనే చెట్టు గురించి ఒక్క మాట. తుమ్మ చెట్టుకు చుట్టం. వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో ఆకు వేస్తుంది. పైరు ఉన్నప్పుడు నీడ పడదు, రాలిన ఆకు ఎరువు, ఎండాకాలంలో కాయలు పశువులకు మేత. పైన చెప్పిన గాలికి ఈ చెట్లే అడ్డు. చెట్లొచ్చాక మూడుసార్లు విత్తే పని ఒక్కసారితో అయిపోతోందని రైతులు చెప్పారు. వాళ్లు గాలి గురించి మొరపెట్టుకున్నారు, చివరికి గాలికే మందు కనిపెట్టారు. సర్వేలో గాలి గడి లేకపోతే ఈ రెండూ కలవవు.

సర్దుబాటు అంటే ఎప్పుడూ కరువు వైపే జరగాలని కూడా లేదు. సెనెగల్‌లో రెండు రకాల సజ్జ ఉంది. సూనా తొంభై రోజులకు కోతకొస్తుంది, సాన్యో ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటుంది. కరువు దశాబ్దాల్లో ఉత్తరాన సాన్యో దాదాపు కనుమరుగైంది. వానలు కోలుకున్నాక సీన్ అనే ప్రాంతపు రైతులు మళ్లీ సాన్యో విత్తడం మొదలుపెట్టారు. ఏ సంస్థా చెప్పలేదు. ఆకాశం ఎటు తిరిగితే అటు వాళ్లూ తిరిగారు. తూర్పున కఫ్రిన్ ప్రాంతంలో వాతావరణ శాఖ ఇచ్చే ముందస్తు సూచనలను రైతులకు చెప్పడం 2011లో మొదలై, తర్వాత ఊరి రేడియోల్లోకీ వెళ్లింది. రైతులు వాటిని తమ పాత గుర్తులతో, అంటే చెట్ల కాపు, నక్షత్రాలు, గాలి దిక్కుతో కలిపి వాడుకున్నారు. ఒకటి వదిలేసి ఇంకోటి పట్టుకోలేదు.

"వాన దేవుడి చేతిలో ఉంది" అన్న జవాబు కూడా మీకు తప్పకుండా వస్తుంది. దాన్ని "నిర్లిప్తత" అనే గడిలో వేయకండి. ఆ మాటన్న మనిషే మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకుని గుంతలు తవ్వడానికి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వాన ఇవ్వడం దేవుడి పని, ఇచ్చిన చుక్కను పట్టుకోవడం మా పని అనేదే అక్కడి లెక్క.

ఆఫ్రికా ఖండపు దక్షిణాది దేశాల్లో సమస్య ఇంకో తీరు. జాంబియాలో తిండి అంటే మొక్కజొన్న పిండితో చేసే న్షీమా. విత్తనం, ఎరువు రాయితీ మొక్కజొన్న చుట్టూ తిరుగుతుంది. జొన్న వేస్తే పిట్టల బెడద, దంచే పని ఆడవాళ్ల మీద పడుతుంది, కొనేవాడు దొరకడు. 2024లో ఎల్ నీనో కరువుకు దాదాపు 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో 10 లక్షలు పోయాయని ప్రభుత్వమే ప్రకటించి, జాతీయ విపత్తుగా చెప్పింది. అక్కడి రైతుకు మొక్కజొన్న నీళ్లు తాగే పంటని తెలియదా? తెలుసు. కానీ బజారూ రాయితీ రెండూ అటే లాగుతున్నాయి.

బీమా గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నా. వానమాపకం లేదా ఉపగ్రహం చూపించే అంకెను బట్టి చెల్లించే బీమాలు కెన్యాలో, ఇథియోపియాలో 2009-10 నుంచి వచ్చాయి. కొందరికి మేలు జరిగింది. కానీ మాపకం ఉన్నచోట వాన పడి, రైతు పొలంలో పడకపోతే డబ్బు రాదు. అలా ఒక్కసారి జరిగిన ఊళ్లో మళ్లీ ప్రీమియం కట్టమని అడగడం చాలా కష్టం.

వలసను కూడా లెక్కలోకి తీసుకోండి. ఎండాకాలంలో నైజర్ మగవాళ్లు నైజీరియాకు, బుర్కినా కుర్రాళ్లు ఐవరీ కోస్ట్‌కు పోతారు. చాలా అధ్యయనాల్లో వలసను "సేద్యం వదిలేయడం"గా రాస్తారు. నేను చూసిన ఇళ్లలో ఆ వలస డబ్బుతోనే మేకలు కొన్నారు, మేకల పెంటే గుంతల్లో పడింది. ఇక్రిశాట్ నేర్పిన చిటికెడు ఎరువు పద్ధతి, అంటే పొలమంతా చల్లకుండా ఒక్కో కుదురుకు సీసా మూతకు పట్టేంత ఎరువు వేయడం, దాని ఖర్చూ చాలాసార్లు అక్కణ్నుంచే వచ్చేది.

ఇక మీ సర్వే. "వాతావరణం మారిందా" అన్న ప్రశ్నను చివరికి జరపండి. మొదట పొలంలోకి వెళ్లి, "పోయిన ఏడు ఎన్నిసార్లు విత్తారు, ఎందుకు" అని అడగండి. ఏ రకం మానేశారు, ఏది తిరిగి తెచ్చుకున్నారు? పొలంలో చెట్టు ఎవరిది, నరికితే ఎవరు అడుగుతారు? పెంట ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో ఎండాకాలంలో ఎంతమంది ఉంటారు? ఆడవాళ్లను మగవాళ్లు పక్కన లేనప్పుడు విడిగా అడగండి, వాళ్ల ముక్క వచ్చే ఏడు కూడా వాళ్లదేనా అని తప్పకుండా అడగండి. రైతు "వాన తగ్గింది" అంటే అక్కడితో గీత గీసేయకుండా, "ఏ నెలలో, పైరు ఏ దశలో ఉండగా తగ్గింది" అని ఇంకో ప్రశ్న వేసి, ఆ జవాబును రోజువారీ వాన లెక్కలతో పోల్చండి, ఏడాది మొత్తంతో కాదు. ఏ దేశంలో, ఏ ప్రాంతంలో చేయబోతున్నారో రాస్తే, అక్కడి పంటలను బట్టి ప్రశ్నలు ఎలా మార్చుకోవాలో చెప్తాను.